కొలతకిచ్చిన రక్తం

మధ్యాహ్నం పూట ఐసు ఫ్యాక్టరీలో ఎవరికైనా నిద్ర వస్తుంది. బయట ఎండ కళ్ళు పొడుస్తుంటే లోపల తొట్టి మీద తెల్లటి ఆవిరి పాకుతూ ఉంటుంది. తొట్టి నిండా ఉప్పునీళ్ళు. వాటిలో రేకు డబ్బాలు వరసగా వేలాడుతుంటాయి. డబ్బాల్లో మంచినీళ్ళు మెల్లగా గడ్డ కడుతుంటాయి. పక్కగదిలో మోటారు ఒకే రాగంలో ఊఁ కొడుతుంటుంది, ఎవరో కథ చెబుతుంటే వింటున్నట్టు.

తొట్టి పక్కన రంపపుపొట్టు బస్తాల మీద అతను పడుకుంటాడు. ఫ్యాక్టరీలో అతన్ని దిమ్మ అంటారు. ఐసు దిమ్మలు తీసే పని కాబట్టి సగం, మనిషి కూడా అలాంటివాడే కాబట్టి సగం. పలకరిస్తే పలకడు. పలికితే ఎందుకు పలకరించామా అనిపిస్తుంది. పెళ్ళాం పోయాక ఆ కాస్త పలుకూ గడ్డకట్టింది.

ఆమె మాత్రం రోజూ వచ్చేది. కన్ను మూతపడగానే ఆవిరిలోంచి వచ్చేది, మోచేతుల దాకా సబ్బు నురగతో. బతికుండగా ఆమె పని అదే. పెద్దాసుపత్రి వెనకున్న ల్యాబులో గాజు సామాను కడిగేది. అందరూ గ్లాసులక్క అనేవాళ్ళు.

"ఏమయ్యా, లే. ఇవి ఆరబెట్టాలి," అంది ఆ రోజు.

"నాకు పనుంది."

"నీ పని నాకు తెలీదా? నీళ్ళని నీళ్ళలా ఉండనివ్వవు. అంతేగా."

ఆమె ఒక సీసా మూతి దగ్గర ఊదింది. లోపలినుంచి బుడగలు లేచాయి. తొట్టి మీది ఆవిరిలో అవి పగలకుండా తేలాయి. ఒకటి వచ్చి అతని గడ్డం మీద వాలింది. చల్లగా ఉంది. ఊపిరి బిగబట్టాడు, ఊదితే పగిలిపోతుందేమోనని.

"బావా."

అది ఆమె గొంతే. కానీ ఆమె బావా అనదు. కళ్ళు తెరిచాడు.

మరదలు నిలబడి ఉంది. పెళ్ళాం చెల్లెలు. బట్టలు కుట్టే మనిషి, మెడలో టేపు తీయడం మరిచిపోయి వచ్చింది. అక్కాచెల్లెళ్ళ ముఖాలు వేరు గాని గొంతు ఒకటే. అందుకే అక్క పోయాక ఈ పిల్లని అతను గుమ్మం తొక్కనివ్వలేదు. కారణం ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా.

"లేచావా, గడ్డకట్టావా?"

"ఎందుకొచ్చావు?"

"చల్లగా ఉంటుందని. బయట మాడిపోతోంది." బస్తా మీద కూర్చుంది. చెప్పులు విడిచి తడినేల మీద కాళ్ళు ఆనించింది. కాసేపు తొట్టి వైపు చూసింది. "బావా, నాక్కూడా అక్కడే ఏదో కనపడిందట."

అతను లేచి కూర్చున్నాడు.

"కడుపు నొప్పిగా ఉంటే రాయుందేమోనని స్కాన్ తీశారు. రాయి లేదు. వెనకాల క్లోమంలో చిన్న నీటితిత్తి ఉందన్నారు. దాని గోడ ఒక పక్క నీడలా ఉందట. ఒక సర్జనేమో ఇప్పుడే కొయ్యాలంటాడు. ఇంకొకాయనేమో ఆగి చూద్దాం, ఇలాంటివి సగం మందికి ఏమీ చెయ్యవు అంటాడు."

"కోస్తే?"

"క్లోమంలో కొంత, పేగులో కొంత, ఇంకా పక్కనున్నవన్నీ తీసి మళ్ళీ కుడతారట. నా జన్మలో నేను ఏ చొక్కాకీ అన్ని కుట్లు వెయ్యలేదు. కొందరు బల్ల మీదినుంచి లేవరు కూడానట. తీరా చూస్తే అది ఉత్త నీళ్ళే కావచ్చు." టేపు మెడలోంచి తీసి వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. "కొయ్యకపోతే అక్కకి అయినట్టు అవుతుందేమో."

వాళ్ళమ్మ కూడా అక్కలాగే క్లోమం కాన్సరుతోనే పోయింది. ఆ మాట ఇద్దరూ అనుకోలేదు. అనుకోవాల్సిన పని లేదు.

"అక్క పనిచేసిన చోట డాక్టరమ్మ ఉంది చూడు, నిన్ను రమ్మంది."

"ఆ గుమ్మం తొక్కను."

"తొక్కకు. దాటు." లేచి చెప్పులేసుకుంది. "అక్క రక్తం ఉందట బావా అక్కడ. ఒక్క గొట్టంలో. గడ్డకట్టించి దాచారట."

ఆమె వెళ్ళిపోయింది. మోటారు ఊఁ కొడుతూనే ఉంది.

*

ల్యాబుకి వెళ్ళే దారిలో గాజు సామాను కడిగే గది ఉంటుంది. అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు. గోడకి కొట్టిన చెక్క మేకుల మీద సీసాలు తలకిందులుగా ఆరుతున్నాయి. ఒక్కోదాని మూతినుంచి ఒక్కో చుక్క, తీరిగ్గా. సింకు దగ్గర ఎవరో కొత్తమ్మాయి. ఆమె కడిగిన సీసాని వెలుతురుకి ఎత్తి చూడకుండానే మేకుకి తగిలించింది. అతనికి ఒళ్ళు మండింది. గ్లాసులక్క అలా ఎప్పుడూ చెయ్యలేదు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసుని కూడా కిటికీకి పట్టి చూసేది.

డాక్టరమ్మ తన గదిలో కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు. ఆమె కూడా లేచి నిలబడింది. మనిషి సన్నగా, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ చేతులకేసి చూస్తుంది.

"మన ఒంట్లో ప్రతి కణమూ చిన్న బుడగలు బయటికి వదులుతుంటుంది," అంది. "పొట్లాలనుకోండి. చుట్టూ పొర, లోపల సరుకు. రక్తంలో కొట్టుకుపోయి ఇంకో చోటికి చేరతాయి."

"ఎంతుంటాయి?"

"మీ తొట్టి మీద ఆవిరి ఉంటుంది కదా. అందులో ఒక్క తుంపర తీసుకుంటే దాంట్లో లక్షలు పడతాయి."

అతనికి ముందురోజు గడ్డం మీద వాలిన బుడగ గుర్తొచ్చింది. ముఖం తుడుచుకున్నాడు.

"ఆ పొట్లాల్లో చీటీల్లాంటివి ఉంటాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అంటాం. చేరిన చోట ఏ పని ఆపాలో, ఏది సాగనివ్వాలో అవి చెబుతాయి. కాన్సరు కణాలు ఈ పొట్లాలు ఎక్కువగా వదులుతాయి. జబ్బు ఇంకో చోటికి వెళ్ళేముందు అక్కడ చోటు సిద్ధం చేసుకోవడానికి."

"దొంగ ముందు మనిషిని పంపినట్టు."

"అలాగే. క్లోమం కడుపులో వెనకెక్కడో దాక్కుని ఉంటుంది. నొప్పి తెలిసేసరికి చెయ్యడానికేమీ మిగలదు. కానీ పొట్లాలు చాలా ముందే రక్తంలో తిరుగుతుంటాయి. వాటిని విప్పి చదవగలిగితే ముందే తెలుస్తుంది. ఎప్పటికైనా ఖాళీ పొట్లాల్లో మందు నింపి అదే దారిన పంపొచ్చు. అది ఇంకా దూరం."

"నన్నెందుకు పిలిచారు?"

ఆమె ఒక్కో మాటా కింద పెట్టినట్టు చెప్పింది.

"రోగుల రక్తం పక్కన పెట్టి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం కావాలి. అప్పుడు మేం ఎవరు దగ్గరుంటే వాళ్ళని పిలిచేవాళ్ళం. ఆఫీసువాళ్ళు, ఊడ్చేవాళ్ళు, నేను. గ్లాసులక్క కూడా చెయ్యి చాపింది. అందరిదీ కలిపి ఒక్క కొలతగా వాడాం. ఆ కొలత పక్కన పెట్టే రోగుల రక్తం చదివేవాళ్ళం. ఎంత చదివినా మసగ్గా వచ్చేది. రోగానికీ ఆరోగ్యానికీ తేడా తేలేది కాదు. ఎక్కడ తప్పుతున్నామో తెలియక తల బాదుకున్నాం."

అతనికి ఆ రోజు గుర్తుంది. పెళ్ళాం మోచేతి మడతలో దూది పెట్టుకుని ఇంటికొచ్చింది. వాకిట్లోనే చెయ్యి చాపి చూపించింది. నేను ఆరోగ్యానికి కొలతనటయ్యా, అంది. ఈ ఊళ్ళో ఎవడికి ఎంత రోగముందో నన్ను చూసి చెబుతారట. అతను నవ్వాడు. అంతగా నవ్వడం మళ్ళీ జరగలేదు.

"ఆవిడకి జబ్బు బయటపడినప్పుడు మేమందరం ఆసుపత్రికి వచ్చాం," అంది డాక్టరమ్మ. "రోజూ వచ్చాం. కానీ ఆవిడ రక్తం మా ఫ్రీజర్లో ఆరోగ్యం వైపున ఉందన్న సంగతి ఒక్కళ్ళకీ తట్టలేదు. గొట్టాల మీద పేర్లుండవు. నంబర్లే. మొన్న మీ మరదలు వచ్చి కుటుంబం సంగతి చెబుతుంటే తట్టింది. వెతికితే ఒకటి మిగిలింది."

"దాన్ని ఏం చేస్తారు?"

"అప్పుడు అందరితో కలిపి చదివాం. ఇప్పుడు విడిగా చదవాలి. జబ్బు పైకి తేలకముందు తీసిన రక్తం మాకు దొరకదు. ఎవరూ ముందుగా వచ్చి ఇవ్వరు కదా. దాంట్లో గుర్తు కనపడితే, మీ మరదలి రక్తంలో అదే గుర్తు వెతుకుతాం. దీన్ని ఇంకా ఎవరూ పరీక్షగా ఒప్పుకోలేదు. దీన్నొక్కదాన్నే చూసి ఎవరూ కొయ్యరు, కొయ్యడం మానరు. కానీ సర్జన్లు రెండుగా ఉన్నారు. ఒక వైపు కాస్త బరువు పడుతుంది."

"కరిగిస్తే?"

"అయిపోతుంది. మళ్ళీ గడ్డకట్టిస్తే పొరలు చిట్లిపోతాయి. చీటీలు చెదిరిపోతాయి. ఆవిడ అప్పటి పనికే ఒప్పుకుని ఇచ్చింది. ఇంకొకరి కోసం వాడాలంటే మీరు ఒప్పుకోవాలి."

అతను కిటికీలోంచి గాజు సామాను కడిగే గది వైపు చూశాడు. మేకు మీది సీసాలోంచి చుక్క పడుతోంది.

"ఆరోగ్యం అని రాశారా దాని మీద?"

"రాశాం."

"ఇప్పుడైనా కొట్టేశారా?"

డాక్టరమ్మ అతని చేతులకేసి చూస్తూ ఉండిపోయింది.

"ఇవ్వను," అన్నాడు.

*

ఎందుకివ్వనన్నాడో దారంతా తనకి తను చెప్పుకున్నాడు. ఒకటి, ఆమెది ఈ లోకంలో మిగిలింది అదొక్కటే. ఫోటోల్లో ఆమె లేదు, ఫోటోలు కాగితం. ఆ గొట్టంలో ఉన్నది ఆమె గుండెలోంచి వచ్చింది. ఆమె ఒంటి కణాలు ఆ రోజు కట్టిన పొట్లాలు ఇంకా విప్పకుండా ఉన్నాయి. కరిగిస్తే ఆమె రెండోసారి పోతుంది.

రెండోది చెప్పుకోవడం కష్టమైంది. ఆ రక్తంలో గుర్తు కనపడితే మరదలికి దారి దొరుకుతుంది. కానీ వాకిట్లో నిలబడి చెయ్యి చాపి నవ్విన రోజే జబ్బు ఆమెలో ఉందని తేలుతుంది. అప్పుడే చూసుంటే బతికేదని తేలుతుంది. కనపడకపోతే ఆమెని ఎవరూ కాపాడగలిగేవాళ్ళు కాదని అతను నమ్మవచ్చు. అప్పుడు మరదలు చీకట్లో చెయ్యి పెట్టినట్టే. కోరుకోవడానికి రెంటిలో ఒక్కటీ బాగాలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె వచ్చింది. ఈసారి నురగ లేదు. తొట్టి చెక్కల మీద గొంతుక్కూర్చుని చిన్న చిన్న పొట్లాలు కడుతోంది. కాగితం కాదు, గాజూ కాదు, నీటిపొరతోనే మడతలు పెడుతోంది. కట్టినదాన్ని కట్టినట్టు ఆవిరిలో వదులుతోంది.

"ఎవరికివి?"

"నాకేం తెలుసు? కట్టమన్నారు, కడుతున్నా."

"ఎవరు కట్టమన్నారు?"

ఆమె పొట్ట వైపు చూసుకుంది. "లోపలినుంచి ఎవరో," అంది, ఇంటికొచ్చిన చుట్టం గురించి చెప్పినంత మామూలుగా.

చెమట పట్టి లేచాడు. ఐసు ఫ్యాక్టరీలో.

*

సాయంత్రం మరదలి కొట్టుకి వెళ్ళాడు. ఒక్కటే గది. రెండు కుట్టుమిషన్లు, గోడ నిండా హ్యాంగర్లు, కత్తిరింపు ముక్కల గుట్ట. మూల కుర్చీలో ఆమె మొగుడు, అతనికి తోడల్లుడు, గుండీలు కుడుతున్నాడు. మెత్తని మనిషి. ఎవరేమన్నా అవునంటాడు. ఇద్దరు వాదించుకుంటే ఇద్దరికీ అవునంటాడు.

"రా బావా. చేతులు చాపు."

"నేను చొక్కాకి రాలేదు."

"తెలుసు. చాపు. ఒంటి మీద చొక్కా నీదేనా, నీ చుట్టూ టెంటు వేసుకున్నావా?"

"బాగా వదులైంది," అన్నాడు తోడల్లుడు.

ఆమె భుజాలు కొలిచింది. ఛాతీ కొలిచింది. టేపు మీద వేలు పెట్టి అంకె రెండుసార్లు చూసింది. అక్కడే, అతని వెనక నిలబడి, ముఖం కనపడకుండా మాట్లాడింది.

"ఇవ్వనన్నావట."

"అన్నాను."

"నాకు కోపం లేదు. నీ భయమేంటో నాకు తెలుసు. అక్క రక్తంలో అది కనపడితే నీకు నిద్ర పట్టదు. కనపడకపోతే నాకు పట్టదు." టేపు మెడ చుట్టూ వేసి వదులుగా పట్టుకుంది. "ఎవరి నిద్ర పోవాలో నువ్వే చెప్పు."

తోడల్లుడు గుండీ కుట్టడం ఆపాడు. ఈసారి ఎవరికీ అవునన్లేదు.

"అది నా దగ్గర మిగిలింది..." అన్నాడు దిమ్మ.

"నీ దగ్గరెక్కడుంది? వాళ్ళ ఫ్రీజర్లో ఉంది. అది కూడా తప్పు అరలో." ఆమె ముందుకొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గాని గొంతు గట్టిగానే ఉంది. "చెయ్యి చాపి ఇచ్చింది అక్క. ఎవరికో పనికొస్తుందనే ఇచ్చింది. ఇప్పుడు నాకు కావాలి. నువ్వు దానికి కాపలా కూర్చున్నావు. అక్క బతికుంటే నీ నెత్తి మీద సీసా పగలగొట్టేది."

"కడిగిన సీసా పగలగొట్టదు," అన్నాడు దిమ్మ.

మరదలు ఒక్క క్షణం ఆగి నవ్వింది. గొంతులానే ఆ నవ్వు కూడా అక్కదే. అతను తలుపు వైపు తిరిగాడు.

"చొక్కా ఎప్పుడు కావాలి?" అంది వెనకనుంచి.

"నువ్వు లేచి కుట్టగలిగినప్పుడు."

*

డబ్బాలో నీళ్ళు గోడల వైపునుంచి గడ్డకడతాయి. గడ్డకడుతూ కడుతూ తమలో ఉన్న గాలినీ మట్టినీ లోపలికి నెట్టుకుంటూ పోతాయి. చివరికి అదంతా నడిమధ్య చేరుతుంది. అందుకే దిమ్మలో నిలువునా తెల్లటి చార ఉంటుంది. దగ్గర పెట్టుకుని చూస్తే ఆ తెలుపంతా సన్నటి బుడగలే. చార లేని దిమ్మ కావాలంటే, నడుమ ఇంకా నీళ్ళుగా ఉండగానే గొట్టంతో లాగేసి మంచినీళ్ళు పొయ్యాలి. ఎవరైనా అడిగితే తప్ప ఆ పని చెయ్యరు.

అతను తెల్లారకముందే వచ్చి ఒక డబ్బాకి ఆ పని చేశాడు. క్రేను తిప్పే బాబాయ్ ఆవలిస్తూ వచ్చి చూశాడు.

"ఎవరడిగారు దీన్ని?"

"ఎవరూ అడగలేదు."

"అయితే ఇంత ముద్దు ఎందుకు చేస్తున్నావురా?"

నడుమా గట్టిపడ్డాక డబ్బాలోంచి ఐసు దిమ్మ పైకి లేచింది. అవతల నిలబడ్డ బాబాయ్ ముఖం దానిలోంచి వంకర లేకుండా కనపడింది. గోనెపట్టాలో చుట్టి, బండి వెనక కట్టి, ల్యాబుకి తీసుకెళ్ళాడు. ఎండ ఎక్కుతుంటే వెనకాల రోడ్డు మీద తడి గీత ఒకటి సాగుతూ వచ్చింది, వచ్చినది వచ్చినట్టే ఆరిపోతూ.

"కరిగించండి," అన్నాడు డాక్టరమ్మతో. "నా మంచు మీద."

ల్యాబుకి సొంత ఐసు మిషను ఉంది. ఆమె ఆ మాట ఎత్తలేదు. "మెల్లగానే కరిగిస్తాం. చల్లగా ఉంటే చాలు. ఏ మంచయినా ఒకటే," అంది.

"ఒకటి కాదు," అన్నాడు.

గాజు సామాను కడిగే గదిలోనే దిమ్మని సుత్తితో కొట్టి పొడి చేశాడు. కొత్తమ్మాయి తప్పుకుని చోటిచ్చింది. పొడి ఒక పళ్ళెంలో పోశాడు. డాక్టరమ్మ మందపాటి చేతితొడుగులు వేసుకుని ఫ్రీజరు తలుపు తీసింది. తెల్లటి ఆవిరి బయటికి దొర్లి నేల మీదికి జారింది. అతనికి అది పరాయి చోటులా అనిపించలేదు. ఆమె ఇన్నాళ్ళూ చల్లటి ఆవిరిలోనే ఉంది, తనలాగే.

గొట్టం చిటికెన వేలి కొసంత ఉంది. మంచు పట్టి తెల్లగా ఉంది. డాక్టరమ్మ దాన్ని పళ్ళెంలో గుచ్చింది. అతను చెయ్యి చాచి, మధ్యలో ఆపుకున్నాడు.

"పట్టుకోవచ్చా?"

"వద్దు. మీ చెయ్యి వెచ్చన."

అతని చెయ్యి వెచ్చన అని ఎవరూ అని చాలా కాలమైంది.

స్టూలు మీద కూర్చుని చూశాడు. మొదట గొట్టం మీది మంచు పోయింది. నంబరు కనపడింది. లోపల ఎండుగడ్డి రంగులో ఏదో ఉంది. ఎర్రగా ఉంటుందనుకున్నాడు. రక్తకణాలు తీసేసి పైనుండే నీరే దాచారని డాక్టరమ్మ చెప్పింది. అంచులు మెత్తబడ్డాయి. గోడ పక్కన సన్నటి తడి మెరిసింది. దిమ్మ ఎలా గడ్డకడుతుందో అలాగే కరుగుతోంది, అంచునుంచి నడుమకి. గదిలో సీసాలనుంచి చుక్కలు పడుతున్నాయి. మధ్యాహ్నాల్లో వచ్చే మగత పొద్దున్నే కళ్ళ మీదికి వచ్చింది. సింకు దగ్గర ఎవరో మోచేతుల దాకా నురగతో నిలబడ్డారు. ఇటు తిరగలేదు.

"ఏమయ్యా," అంది, వీపు అటే ఉంచి, "అయిపోతే చెప్పు. సీసా కడగాలి."

"ఇంకా నడుమ తెల్లగా ఉంది," అన్నాడు.

"అదీ పోతుందిలే."

పోయింది. చివరి తెలుపు ఇసకరేణువంత అయి, మాయమై, అక్కడినుంచి కంటికి ఆనీ ఆనని బుడగ ఒకటి పైకి లేచింది. డాక్టరమ్మ గొట్టం తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. సింకు దగ్గర కొత్తమ్మాయి సీసాని వెలుతురుకి పట్టి చూస్తోంది. అతను చూస్తున్నాడని కావచ్చు.

*

కబురు ఫోనులో చెప్పలేదు. డాక్టరమ్మే వచ్చింది. ఫ్యాక్టరీ తడినేల మీద చెప్పులు జారుతుంటే గోడ పట్టుకుని వచ్చింది. అతను బస్తాల మీద ఉన్నాడు గాని పడుకోలేదు.

"కనపడింది," అంది.

"ఎంత?"

"సందేహం లేనంత."

"అప్పటికే ఉందా?"

"ఉంది."

"మరదలికి?"

"అదే గుర్తు. ఆవిడదానికన్నా పలచగా. కానీ అదే. సర్జన్లకి చూపించాం. ఆగుదామన్నాయన కూడా ఇంక ఆగొద్దన్నాడు. వచ్చే వారం కోస్తారు."

తొట్టి మీది ఆవిరి ఇద్దరి మధ్యా పాకింది. మోటారు ఊఁ కొట్టింది.

"అప్పుడే చదివుంటే?"

"అప్పుడు మాకు చదవడం రాదు."

"రానప్పుడు ఆరోగ్యం అని ఎలా రాశారు?"

జవాబు ఉన్నట్టు ఆమె నటించలేదు. అంతవరకు మంచిదే అనుకున్నాడు. ఆమె అంది, "నన్ను క్షమించమని అడగడానికి రాలేదు."

"అడిగినా లేదు."

తల ఊపి, గోడ పట్టుకుని వెళ్ళబోయింది.

"డాక్టరమ్మా. ఆ నంబరు పక్కన ఏం రాశారు ఇప్పుడు?"

"మార్చాం. జబ్బుకి ముందు, అని రాశాం."

అతను ఆ మాటని లోపల అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎలా తిప్పినా గుచ్చుకుంది. అబద్ధం మాత్రం కాదు.

ఆ మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. మర్నాడూ పట్టలేదు. బస్తాల మీద వెల్లకిలా పడుకుని కప్పు కేసి చూశాడు. ఆవిరి లేచింది, పాకింది, పోయింది. అందులోంచి ఎవరూ రాలేదు. కళ్ళు మూసుకుంటే వాకిట్లో చాపిన చెయ్యీ దూదీ కనపడేవి. కళ్ళు తెరిస్తే అవీ ఉండవు. మరదలు ముందే చెప్పింది. ఆమె కొలత ఎప్పుడూ తప్పదు.

*

కోత పొద్దున మొదలై సాయంత్రం దాకా సాగింది. తోడల్లుడు వరండాలో కూర్చుని, జేబులో ఏ కాలం నాటి గుండీనో వేళ్ళ మధ్య తిప్పుతూ ఉన్నాడు. దిమ్మ అతని పక్కన కూర్చున్నాడు. అది చాలినట్టే ఉంది.

తీసిన ముక్కని చూసినవాళ్ళు తర్వాత చెప్పారు. తిత్తి గోడలో జబ్బు మొదలైంది. గోడ దాటలేదు. దాటడానికి సిద్ధంగా ఉంది.

మర్నాడు వార్డులోకి తెచ్చాక మరదలు కళ్ళు తెరిచింది. ముక్కులో గొట్టం, పొట్ట పక్కన రెండు గొట్టాలు. మనిషి సగమైంది. పెదాలు కదిపింది. అతను వంగాడు.

"ఎన్ని కుట్లు బావా?"

"లెక్కపెట్టలేదు."

"వంకరగా వేసుంటారు. దారం పొదుపు." ఊపిరి తీసుకుంది. "నుదురు మండుతోంది. నీ చెయ్యి పెట్టు, ఎప్పుడూ చల్లగా ఉంటుందిగా."

పెట్టాడు. వెచ్చనేనని చెప్పలేదు. ఆమెకి చల్లగానే తగిలినట్టుంది, కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఊపిరి ఒక తీరున పడింది. కిటికీ తెరలోంచి మధ్యాహ్నపు ఎండ పలచగా వచ్చి దుప్పటి మీద పరుచుకుంది. నిద్రలో ఆమె వేళ్ళు కదిలాయి, దుప్పటి అంచుని జానతో కొలుస్తున్నట్టు.

తోడల్లుడు గుమ్మంలోంచి తొంగి చూసి, గొంతు తగ్గించి అన్నాడు, "పడుకుంది కదన్నయ్యా. ఆ పక్క మంచం ఖాళీగానే ఉంది. మీరూ ఒక కునుకు తియ్యండి."

"నాకు పట్టదులే," అన్నాడు అతను. "నువ్వు పడుకో. నేను చూస్తుంటా."

"అవును," అన్నాడు తోడల్లుడు, చెప్పులు విప్పుకుంటూ.